కంప్యూటర్ సందేహాలు: మదర్‌బోర్డు కొనే ముందు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సొంతంగా డెస్క్‌టాప్ కంప్యూటర్ కూర్చుకోదలచిన పాఠకులు రాసినవే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఎవరికీ పెద్దగా తడబాటు లేదు. అందరూ ఆగిపోతున్నది మదర్‌బోర్డు దగ్గరే. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. చోటు చాలక ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: తొలిసారి సొంతంగా కంప్యూటర్ కూర్చుకుంటున్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600 అని నిర్ణయించుకున్నాను. దానికి సరిపోయే బోర్డులు ఏ620, బీ650, బీ850, ఎక్స్870 అంటూ పదుల సంఖ్యలో కనిపిస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఖరీదైన బోర్డు తీసుకుంటే వేగం పెరుగుతుందా? (డిగ్రీ విద్యార్థి)

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది తేలితే మొదటిది సగం తేలినట్టే. బోర్డు ధర పెరిగినంత మాత్రాన వేగం పెరగదు. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్, ఒకే గ్రాఫిక్స్ కార్డును చవక బోర్డు మీద ఒకసారి, ఖరీదైన బోర్డు మీద ఒకసారి నడిపి చూస్తే, చవక బోర్డులోని విద్యుత్ విభాగం వేడెక్కి ప్రాసెసర్‌ను వెనక్కి లాగనంతవరకు, తేడా కంటికి ఆనదు. లెక్కలు చేసేది ప్రాసెసర్. బోర్డు దానికి కరెంటు అందించి, మిగతా భాగాలతో మాట్లాడుకోవడానికి దారులు వేస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టినప్పుడు మనం కొంటున్నది ఎక్కువ దారులను, ఎక్కువ పోర్టులను, కరెంటు విషయంలో కొంత నిబ్బరాన్ని. అవి మీకు అక్కరలేకపోతే ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడమే తెలివైన పని.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక తెల్లకాగితంతో. ఈ కంప్యూటర్‌కు ఇవాళ ఏమేమి తగిలిస్తారో, వచ్చే మూడు నాలుగేళ్లలో ఏమేమి తగిలించే అవకాశం ఉందో దానిమీద రాసుకోండి: ఎస్ఎస్‌డీలు ఎన్ని, పాత హార్డ్ డిస్కులు ఎన్ని, గ్రాఫిక్స్ కార్డు కాక మరే కార్డయినా ఉందా, ఇంటర్నెట్ కేబుల్ ద్వారానా వైఫై ద్వారానా, క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఎన్ని, వెనకవైపు యూఎస్‌బీ పోర్టులు ఎన్ని కావాలి. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వెబ్‌క్యామ్ అని లెక్కపెట్టేసరికే నాలుగు పోర్టులు అయిపోతాయి. ఈ కాగితం చేతిలో ఉంటే పదుల బోర్డుల్లో మీకు పనికొచ్చేవి నాలుగైదే మిగులుతాయి.

రైజెన్ 5 7600 కూర్చునేది ఏఎం5 సాకెట్‌లో. 2022లో వచ్చిన ఈ సాకెట్‌లో 1718 పిన్నులు ఉంటాయి, అవి బోర్డు మీదే ఉంటాయి. అంతకుముందరి ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉండేవి. కాబట్టి సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను ప్రాసెసర్ పెట్టే క్షణం దాకా ఉంచండి, వేలిగోరు తగిలినా పిన్నులు వంగుతాయి. ఈ సాకెట్‌లో పనిచేసేది డీడీఆర్5 ర్యామ్ ఒక్కటే. 2027 వరకు, ఆ తరువాత కూడా దీన్ని కొనసాగిస్తామని రైజెన్ తయారీ సంస్థ ఏఎండీ ప్రకటించింది గనుక, బోర్డు మార్చకుండా రేపు ఇంకో ప్రాసెసర్‌కు మారే వీలు మీకుంది. బోర్డు మీద కాస్త ఎక్కువ పెట్టడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే.

ఏ620, బీ650 లాంటివి బోర్డు మీది చిప్‌సెట్ పేర్లు; ప్రాసెసర్‌కూ పోర్టులకూ మధ్య నిలిచే చిప్పునే చిప్‌సెట్ అంటారు. ఈ పేర్లలో మెలిక ఉంది. ఏ620 బోర్డుల్లో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం, అంటే తయారీ సంస్థ పెట్టిన వేగాన్ని మించి నడపడం, కుదరదు, పోర్టులూ తక్కువే. బీ650, బీ850 బోర్డుల్లో కుదురుతుంది. ఎక్స్670లో ఉన్నది బీ650లోని చిప్పే, కాకపోతే ఒకటికి రెండు. ఎక్స్870 అనే పేరు చూసి అది ఎక్స్670 కంటే పెద్దదనుకుంటారు గానీ, అందులో ఉన్నది మళ్లీ ఒక్క చిప్పే. దానికి యూఎస్‌బీ4 పోర్టులను తప్పనిసరి చేశారు, అంతే. రెండు చిప్పులు కావాలంటే చివర మరో అక్షరం చేరిన ఎక్స్870ఈ తీసుకోవాలి. బీ840 అయితే పేరుకు బీ850 పక్కన నిలబడినా, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేని చిన్న చిప్‌సెట్. అంకె పెద్దదైతే సరుకు పెద్దదన్న లెక్క ఇక్కడ నడవదు.

మీ ప్రాసెసర్‌కు బీ650 గానీ బీ850 గానీ సరిపోతుంది. రెండు మూడు బోర్డులు అనుకున్నాక, డబ్బు కట్టకముందే వాటి మాన్యువల్‌ను తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకుని మీ కాగితంతో సరిచూసుకోండి. పెట్టె మీద రాసేది బోర్డులో ఏముందో మాత్రమే. ఏది పెడితే ఏది పనిచేయదో మాన్యువల్‌లోనే ఉంటుంది.

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ కోసం కోర్ ఐ7 14700 ప్రాసెసర్ కొన్నాను. ఇది 65 వాట్ల ప్రాసెసరే కాబట్టి చవకైన హెచ్610 బోర్డు చాలునని మిత్రుడు అంటున్నాడు. ఇంకొకరు 14+1+1 ఫేజులున్న బోర్డు ఉండాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలి? (పెళ్లి వీడియోలు తీసే పాఠకుడు)

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా వినవద్దు. మీ మిత్రుడు చెప్పిన 65 వాట్లు మూల విద్యుత్ పరిమితి. అదే ప్రాసెసర్‌కు ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో పరిమితి 219 వాట్లు. వెబ్ పేజీలు చూసేటప్పుడు మొదటి అంకె దాటకపోవచ్చు గానీ, గంటసేపు సాగే వీడియోను రెండర్‌కు పెట్టినప్పుడు ప్రాసెసర్ రెండో అంకె వైపు చేయి చాస్తుంది. అప్పుడు ఇవ్వగలగడం, ఇవ్వలేకపోవడం బోర్డు సత్తాను బట్టి ఉంటుంది.

ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్ కోర్లకు కావలసింది సుమారు 1 నుంచి 1.4 వోల్టులు. ఈ తగ్గింపు పని చేసేది సాకెట్ చుట్టూ ఉండే వీఆర్ఎం అనే విభాగం. వోల్టులు తగ్గినకొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి: 1.2 వోల్టుల దగ్గర 120 వాట్లు ఇవ్వాలంటే 100 ఆంపియర్లు పారాలి, 219 వాట్లకు 180 పైచిలుకు. అంత కరెంటు ఒకే దారిలో పోతే ఆ భాగం మాడిపోతుంది గనుక దాన్ని కొన్ని పాయలుగా విడదీసి, వంతులవారీగా పంపుతారు. ఒక్కో పాయనే ఫేజ్ అంటారు. సాకెట్ పక్కన వరసగా నిలబడి కనిపించే బూడిదరంగు దిమ్మెలు ఈ పాయల తాలూకు చోకులు. 14+1+1 అన్నప్పుడు మొదటి అంకె కోర్లకు, మిగతావి ప్రాసెసర్‌లోని ఇతర భాగాలకు సంబంధించినవి.

అయితే ఆ మొదటి అంకెను గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని బోర్డుల్లో ఒకే సంకేతానికి రెండు పాయలను జతచేసి నడుపుతారు. దిమ్మెలు 14 కనిపించినా నియంత్రణలో ఉన్నవి 7 జతలే. అది మోసమేమీ కాదు, భారం పంచుకోవడానికి అదీ మంచి పద్ధతే, కానీ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక్కో పాయ ఎన్ని ఆంపియర్లు మోయగలదు, దానిమీద హీట్‌సింక్ ఉందా, ఆ హీట్‌సింక్ నిజంగా బరువైన లోహమా లేక పైన ప్లాస్టిక్ తొడుగా అన్నవి ఫేజుల లెక్క కంటే ముఖ్యం. చవకైన హెచ్610 బోర్డుల్లో చాలావాటికి వీఆర్ఎం మీద హీట్‌సింక్ అసలే ఉండదు. అలాంటి బోర్డు మీద మీ ప్రాసెసర్ చెడిపోదు. వేడి హద్దు దాటగానే బోర్డే దాని వేగాన్ని తగ్గించేస్తుంది. మీరు ఐ7కు డబ్బు కట్టి ఐ5 పని చేయించుకుంటారు.

కాబట్టి వీఆర్ఎం మీద రెండువైపులా హీట్‌సింకులున్న మధ్యస్థాయి బీ760 బోర్డు చూడండి. ఈ ప్రాసెసర్ ఎలాగూ ఓవర్‌క్లాక్ అయ్యే రకం కాదు గనుక జెడ్790 మీకు అవసరం లేదు. ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే వీలు బీ760లో ఉంది, హెచ్610లో లేదు. కూలర్ గురించి కూడా ఒక మాట. ప్రాసెసర్‌తో వచ్చే గుండ్రటి కూలర్ గాలిని కిందికి ఊదుతుంది గనుక పక్కనున్న వీఆర్ఎంకూ కాస్త గాలి తగులుతుంది. నీటితో చల్లబరిచే కూలర్ పెట్టినప్పుడు ఆ గాలి ఆగిపోతుంది. ప్రాసెసర్ చల్లగా ఉండి, వీఆర్ఎం మాత్రం ఉడుకుతుంది. అలా చేసేవారు క్యాబినెట్ వెనక ఫ్యాన్‌ను తప్పక పెట్టాలి.

మరో సంగతి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కాలక్రమంలో నిలకడ కోల్పోతున్నాయని 2024లో తేలింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ మీకు అందేది బోర్డు బయోస్ (కంప్యూటర్ వెలగగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ద్వారానే. అది జరగబోయే నష్టాన్ని ఆపుతుంది తప్ప జరిగినదాన్ని బాగుచేయదు. అందుచేత బోర్డు బిగించిన మొదటి రోజునే, విండోస్ ఎక్కించడానికి ముందే, బయోస్‌ను తాజా చేయండి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో రెండో ఎం.2 ఎస్ఎస్‌డీ పెట్టగానే, ఫొటోలన్నీ ఉన్న పాత హార్డ్ డిస్క్ కనిపించకుండా పోయింది. ఎస్ఎస్‌డీ తీసేస్తే మళ్లీ వస్తోంది. బోర్డు లోపమా? (గృహిణి)

జవాబు: లోపం కాదు, ఫొటోలూ భద్రంగానే ఉన్నాయి. ఆ ఎం.2 స్లాటూ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డు మీద గుచ్చే చోటు), హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించిన సాటా పోర్టూ ఒకే దారిని పంచుకుంటున్నాయి. స్లాట్ నిండగానే బోర్డు పోర్టును మూసేస్తోంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఆ సాటా కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి. ఏ పోర్టు మూతపడుతుందో మాన్యువల్‌లో నిల్వకు సంబంధించిన పేజీలో, తరచు పట్టిక కింద చిన్న అక్షరాల్లో, రాసి ఉంటుంది.

కొనేవారు ఇక్కడ గమనించవలసినది మరికొంత ఉంది. ప్రాసెసర్‌ను గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీల లాంటి వాటితో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులను లేన్లు అంటారు. ఒక్కో లేన్ మీద మూడో తరంలో సెకనుకు సుమారు 1 జీబీ, నాలుగో తరంలో 2, ఐదో తరంలో 4 జీబీల చొప్పున డేటా పోతుంది. ఏఎం5 ప్రాసెసర్లలో రైజెన్ 7000, 9000 వరసల్లోని మామూలు రకాలకు 28 లేన్లుంటాయి. వాటిలో 4 చిప్‌సెట్‌కు పోగా 24 మనకు మిగులుతాయి, వాటిలో 16 గ్రాఫిక్స్ కార్డువి. చిప్‌సెట్ వెనక ఎన్ని స్లాట్లు, ఎన్ని పోర్టులు ఉన్నా అవన్నీ ఆ నాలుగు లేన్ల మీదుగానే ప్రాసెసర్‌ను చేరాలి. ఊళ్లో వీధులు ఎన్నున్నా బయటికి పోయే బాట ఒకటే అన్నట్టు. అందువల్ల విండోస్ ఉండే ఎస్ఎస్‌డీని ప్రాసెసర్‌కు నేరుగా కలిసే ఎం.2 స్లాట్‌లో పెట్టాలి. అది మామూలుగా సాకెట్‌కు దగ్గరగా ఉండేదే. కొన్ని బోర్డుల్లో ఒకానొక ఎం.2 స్లాట్ నింపితే గ్రాఫిక్స్ కార్డుకు 16కు బదులు 8 లేన్లే మిగులుతాయి. నాలుగు ఎం.2 స్లాట్లు అని పెట్టె మీద చూసి మురిసిపోయే ముందు, నాలుగూ నింపితే దేన్ని వదులుకోవాలో చూడండి.

ప్రశ్న: 64 జీబీ ర్యామ్ కావాలి. 16 జీబీవి నాలుగు పెట్టాలా, 32 జీబీవి రెండు పెట్టాలా? స్లాట్లు నాలుగు ఉన్నాయి కదా. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని)

జవాబు: రెండే పెట్టండి. డీడీఆర్4 కాలంలో నాలుగు పెట్టినా పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు గానీ, డీడీఆర్5 వేగాలకు నాలుగు స్టిక్కులు బరువవుతాయి. రైజెన్ 7000 వరసకు ఏఎండీ ఇచ్చిన అధికారిక లెక్కలే చూడండి: రెండు స్టిక్కులతో వేగం 5200 (సెకనుకు మెగాట్రాన్స్‌ఫర్లలో), నాలుగింటితో 3600. ఎక్స్‌పో ప్రొఫైల్‌తో (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడపడానికి ముందే రాసిపెట్టిన అమరికతో) 6000 వేగంలో నడపాలన్న ఆలోచన ఉంటే నాలుగు స్టిక్కులతో అది నిలకడగా కుదిరే ఆశ తక్కువ. రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెట్టినవారు రెండు ఛానళ్ల (ర్యామ్‌కు వెళ్లే రెండు దారుల) లాభం పోగొట్టుకుని, ర్యామ్ నెమ్మదిగా ఉందని నాకు ఉత్తరాలు రాస్తుంటారు.

ఇదే సందర్భంలో, పాత డీడీఆర్4 ర్యామ్‌ను కొత్త బోర్డులో వాడవచ్చా అని అడిగిన పాఠకుడికి: డీడీఆర్5 స్లాట్‌లో అది దిగదు. రెండింటికీ 288 పిన్నులే అయినా మధ్య గాటు స్థానం వేరు. ఇంటెల్ 12, 13, 14 తరాలు కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి. ఆ ర్యామ్‌ను వదులుకోలేకపోతే అటు చూడండి.

ప్రశ్న: మదర్‌బోర్డుకే హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు లేకుండా గడుపుకోలేమా? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: గడుపుకోవచ్చు, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం ఉంటే. ఆ పోర్టు ఒట్టి కిటికీ; బొమ్మ గీసేది ప్రాసెసర్. ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అక్షరం ఉన్నా, రైజెన్ 5 7500ఎఫ్ లాంటివి తీసుకున్నా లోపల ఆ భాగం ఉండదు, కిటికీలో చీకటే. రైజెన్ 5 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది, కార్యాలయ పనులకు సరిపోతుంది.

ప్రశ్న: ఏ సైజు బోర్డు మంచిది? క్యాబినెట్ ముందే కొనేశాను. (పేరు రాయని పాఠకుడు)

జవాబు: ఏటీఎక్స్ 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. ఒక్క గ్రాఫిక్స్ కార్డు పెట్టేవారికి మైక్రో ఏటీఎక్స్ చాలు. సైజు మార్చినప్పుడు క్యాబినెట్‌లో బోర్డును ఎత్తిపట్టే ఇత్తడి స్టాండాఫ్‌లను కొత్త బోర్డు రంధ్రాలకు తగ్గట్టు మార్చుకోవడం మరవవద్దు. రంధ్రం లేనిచోట మిగిలిపోయిన స్టాండాఫ్ బోర్డు అడుగున తగిలి షార్ట్ చేస్తుంది. మీ క్యాబినెట్ ముందువైపు టైప్-సీ పోర్టు ఉంటే, బోర్డు మీద దానికి వేరే కనెక్టర్ ఉండాలి. చవక బోర్డుల్లో అది ఉండకపోవచ్చు. రంగుల లైట్లున్న ఫ్యాన్లయితే, మూడు పిన్నుల 5 వోల్టుల ప్లగ్గును నాలుగు పిన్నుల 12 వోల్టుల హెడర్‌లో బలవంతంగా గుచ్చితే లైట్లు శాశ్వతంగా ఆరిపోతాయి.

ప్రశ్న: రైజెన్ 7 9700ఎక్స్, బీ650 బోర్డు కొని అంతా బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. సాకెట్ ఒకటే కదా, ఎందుకు పనిచేయదు? (ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: సాకెట్ ఒకటైనంత మాత్రాన బోర్డుకు ప్రాసెసర్ పరిచయమైనట్టు కాదు. రైజెన్ 9000 వరస వచ్చింది 2024 ఆగస్టులో. మీ బోర్డు అంతకుముందే తయారై గోదాములో ఉండి ఉంటే దాని బయోస్‌కు ఈ ప్రాసెసర్ తెలియదు. తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో మీ బోర్డు పేజీకి వెళ్లి, ప్రాసెసర్ల జాబితాలో 9700ఎక్స్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చూడండి.

బోర్డు వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పని సులువు. ఒక్కో సంస్థ దాన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. కొత్త బయోస్ ఫైలును ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మాన్యువల్ చెప్పిన పేరు పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి, బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లైటు మెరవడం మొదలై, కొన్ని నిమిషాల తరువాత ఆగుతుంది. ప్రాసెసర్ పనిచేయకపోయినా ఈ ప్రక్రియ సాగుతుంది, అందుకే ఈ బటన్ ఉన్న బోర్డునే కొనమని నేను పట్టుబడతాను. మధ్యలో కరెంటు మాత్రం పోకూడదు. బటన్ లేకపోతే, పాత రైజెన్ 7000 ప్రాసెసర్ ఒకటి తాత్కాలికంగా పెట్టి తాజా చేయడం తప్ప దారి లేదు, అమ్మినవారినే అడగండి.

కానీ ఇదంతా చేసే ముందు రెండు చూడండి. సాకెట్ పైభాగాన ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ కరెంటు ప్లగ్ పెట్టారా? అది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ప్రాసెసర్ మేలుకోదు. రెండోది, ఎంతసేపు ఆగారు? ఏఎం5 బోర్డు మొదటిసారి వెలిగినప్పుడు ర్యామ్‌కు సరిపోయే సమయాలను తానే పరీక్షించి చూసుకుంటుంది; అప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. నేను కూర్చిన మొదటి ఏఎం5 కంప్యూటర్‌తో ఇదే జరిగింది. అరనిమిషం చూసి ఆపేయడం, ర్యామ్ తీసి పెట్టడం, మళ్లీ వెలిగించడం. ఇలా రెండుసార్లు చేసి, బోర్డు పాడైందని తేల్చేసుకున్నాను. మూడోసారి వెలిగించగానే ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి తెర మీద బయోస్ పేజీ నా కోసం ఎదురుచూస్తూ ఉంది. బోర్డు అంచున ర్యామ్ అని రాసిన చోట చిన్న లైటు అప్పటిదాకా వెలుగుతూనే ఉన్నా నేను దాన్ని గమనించలేదు. మీ బోర్డులో కూడా సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు లైట్లు ఉండవచ్చు. డీర్యామ్ దగ్గర వెలుగుతుంటే పావుగంట దేన్నీ ముట్టుకోకుండా ఆగండి. సీపీయూ దగ్గర వెలుగుతుంటే పెన్‌డ్రైవ్ తీసుకోండి.